చెత్త కొండలకు విరుగుడు వంటింట్లోనే

శ్రీలంక ప్రజలు కొత్త సంవత్సర వేడుకల్లో ఉన్న 2017 ఏప్రిల్ 14న కొలంబో శివారులోని మీతొటముల్లలో చెత్త కొండ విరిగిపడి ముప్ఫైమందికి పైగా బలయ్యారు. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీలోని గాజీపూర్ చెత్తగుట్ట కూలి ఇద్దరు మరణించారు. 2023 మార్చిలో కొచ్చి సమీపాన బ్రహ్మపురం చెత్త అంటుకొని, విషపు పొగ రోజుల తరబడి నగరాన్ని కమ్మేసింది. ఊళ్లు వేరైనా ఈ ఉపద్రవాల మూలం ఒక్కటే. తడి చెత్తనూ పొడి చెత్తనూ కలగాపులగం చేసి, ఊరి వెలుపల గుట్టపోసి, చేతులు దులుపుకోవడం!

మన పట్టణాల చెత్తలో దాదాపు సగం కుళ్లే పదార్థమే. అందులో అధిక భాగం వంటింట్లో పుట్టేదే. బీరకాయ చెక్కు, అరటి తొక్క, ఆకుకూరల కాడలు వాటంతట అవి ఎవరికీ హాని చేయవు. గాలి చొరని గుట్ట అడుగున పడి కుళ్లినప్పుడు మాత్రం అవి మీథేన్ వాయువును పుట్టించి నిప్పుకు ఆజ్యం పోస్తాయి. వాటి నుంచి ఊరే మురుగు భూగర్భ జలాలను పాడుచేస్తుంది. చెత్త వేసినవారు ఒకచోట, ఆ కంపు భరించేవారు మరొకచోట ఉండటమే ఇందులోని అసలు అన్యాయం. హైదరాబాదు చెత్తకు గమ్యమైన జవహర్‌నగర్ పరిసర ప్రజల గోడు తెలుగువారికి కొత్త కాదు.

చట్టాలకు కొదవ లేదు. 1996లో అల్మిత్రా పటేల్ సర్వోన్నత న్యాయస్థానంలో వేసిన వ్యాజ్యం ఫలితంగా 2000లో పురపాలక ఘనవ్యర్థాల నిబంధనలు వచ్చాయి. చెత్తను ఇంటివద్దనే వేరుచేయాలని 2016 నాటి నిబంధనలు ప్రతి గృహస్థుకూ బాధ్యత విధించాయి. ఇంటి గడపలో వేరైన చెత్త సైతం బండిలో మళ్లీ ఒకటవుతున్న ఉదంతాలు కోకొల్లలు. తడి చెత్త అసలు గడపే దాటకపోతే ఈ పేచీయే ఉండదు.

ఒకప్పుడు మన ఇళ్లలో జరిగినదీ అదే. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలోకి, అక్కడి నుంచి పశువు కడుపులోకి చేరేవి. మిగిలినది పెంటదిబ్బకూ, ఆపై పొలానికీ పోయేది. నగరంలో గేదె లేదు, పెరడూ లేదు. ఆ లోటు తీర్చగలిగిన అల్పప్రాణి వానపాము. అడుగున రంధ్రాలున్న వెడల్పాటి తొట్టి, తడిపి పిండిన కొబ్బరిపొట్టు లేదా చించిన పాత పత్రికలు, కొద్దిగా మాగిన పేడ, గుప్పెడు ఎర్రలు ఉంటే చాలు, ఇంటి వసారాలోనే ఎరువు తయారవుతుంది. పొలం మట్టిలో లోతుగా తిరిగే వానపాము ఇందుకు పనికిరాదు. కుళ్లే పదార్థాల పైపొరల్లో బతికే ఐసీనియా, యూడ్రిలస్ వంటి జాతులే కావాలి.

అయితే ఉత్సాహంగా మొదలైన తొట్లు కొన్ని నెలలకే మూలపడుతున్నాయి. అందుకు సాధారణ కారణం వానపాము కాదు, మనిషి తొందరపాటు. ఎర్రలు తొక్కను కొరికి నమలలేవు. సూక్ష్మజీవులు దాన్ని మెత్తపరచిన తర్వాతే అవి తినగలవు. మొదటిరోజే బుట్టెడు తుక్కు కుమ్మరిస్తే అది వేడెక్కి, పులిసి, కంపు కొడుతుంది. ఎర్రలు పారిపోతాయి, లేదా చచ్చిపోతాయి. తుక్కును చిన్న ముక్కలుగా తరిగి, రోజుకొక మూల పాతి, పైన పొడి పొత్తు కప్పాలి. ముందు వేసినది కనుమరుగవుతున్న కొద్దీ మోతాదు పెంచాలి. నిమ్మ, బత్తాయి తొక్కలు, ఉల్లి, వెల్లుల్లి, మిరప మితంగానే ఉండాలి. ఉప్పు, నూనె, పచ్చళ్లు, మాంసం, పెరుగు అసలే కూడదు. పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేటంత తేమ చాలు. మన ఎండలకు తొట్టిని నీడన ఉంచి తడి గోనె కప్పాలి. చీమలు చేరకుండా కాళ్ల కింద నీటి పళ్లేలు పెట్టాలి. ఈపాటి శ్రద్ధ ఉంటే రెండు మూడు నెలల్లో కంపు లేని నల్లని ఎరువు చేతికందుతుంది.

ప్రభుత్వాలు గ్రహించవలసిన పాఠం ఇక్కడే ఉంది. తొట్లు పంచి, ఫొటోలు దిగి, ఆ సంఖ్యనే విజయంగా ప్రకటించుకోవడం నిష్ప్రయోజనం. పంచిన తొట్లు ఆరు నెలల తర్వాత ఎన్ని పనిచేస్తున్నాయో, చెత్త బండి బరువు ఎంత తగ్గిందో లెక్క తేలాలి. వాటిని సరిదిద్దే శిక్షితులు వార్డులలో అందుబాటులో ఉండాలి. కేరళలోని అలప్పుళ పట్టణం తన చెత్తను మోస్తున్న సర్వోదయపురం ప్రజలు అడ్డం తిరిగిన తర్వాత, 2012 నుంచి ఇంటింటి కంపోస్టుకూ బయోగ్యాస్‌కూ మళ్లింది. వానపాముల ఎరువు తయారుచేసే ఇళ్లకు ఆస్తిపన్నులో రాయితీ ఇచ్చే మార్గాన్ని పుణె నగరం చూపింది. ఇవి అనుసరణీయం.

ఈ తొట్టితోనే సమస్త సమస్యా తీరుతుందని భ్రమపడనక్కరలేదు. అందులో పుట్టే ఎరువు మిద్దెమీది కుండీలకు సరిపోతుందే గాని, దేశపు ఎరువుల దిగుమతిని తగ్గించలేదు. ఒకే గదిలో కాపురముండే కుటుంబాన్ని తొట్టి పెట్టుకోమని ఒత్తిడి చేయడమూ న్యాయం కాదు. మార్కెట్లు, హోటళ్ల వ్యర్థాలకు పెద్ద ఏర్పాట్లే కావాలి. కుళ్లిన కూరగాయల నుంచి విద్యుత్తు తీసిన హైదరాబాదు బోయిన్‌పల్లి మార్కెట్ అందుకు నిదర్శనం. కానీ చోటూ స్తోమతూ ఉన్న ఇళ్లవారు సైతం తమ తొక్కలను పరుల గుమ్మం ముందు గుట్టపోయడాన్ని ఏ విధంగానూ సమర్థించలేం. ఏ ఇంటి తుక్కు ఆ ఇంటనే మట్టిగా మారితే మరో మీతొటముల్ల లేవదు. ఆ పనికి పాలకుల ఆదేశం కోసం వేచి ఉండనవసరం లేదు.