దుప్పటీ, కరపత్రం, ఫొటో

మన సంఘాల్లో ‘ఆతిథ్యం’ అంటే ఏమిటి? పక్క జిల్లా నుంచి వచ్చిన దైవజనుడికి కోడికూర, ఏసీ గది, వెళ్ళేటప్పుడు ఒక శాలువా. అంతే కదా! తెలుగు బైబిలు ఆతిథ్యం అని తర్జుమా చేసిన గ్రీకు మాట ఫిలోక్సీనియా. అక్షరాలా చెప్పుకుంటే, పరాయివాణ్ణి ప్రేమించడం. తెలిసినవాడికి, పెద్దవాడికి పెట్టే భోజనం మర్యాద. మర్యాద మంచిదే, కానీ దానికి ఆ పేరు పెట్టకండి.

అసలు పరాయివాడు మనకి గుర్తొచ్చేది క్రిస్మస్ ముందు. ఇటుక బట్టీలో ఒడిశా కూలీలకి దుప్పట్లు పంచుతాం. దుప్పటి మీద ఒక కరపత్రం. ఇచ్చే చేయీ, పుచ్చుకునే చేయీ రెండూ ఫొటోలో పడాలి. కరపత్రం తెలుగులో ఉంటుంది, అతనికి తెలుగు చదవడం రాదు. అది ఎవరి తృప్తి కోసమో అక్కడే తెలిసిపోతుంది. ఫిబ్రవరిలో అతని పిల్లకి జ్వరమొస్తే ప్రభుత్వాసుపత్రిలో చీటీ రాయించడానికి భాష తెలిసిన మనిషి కావాలి. అడ్వాన్సులో ఎంత తీరిందో లెక్క చూసిపెట్టే మనిషి కావాలి. అప్పుడు మనం ఎక్కడుంటాం?

ఒంగోలు క్లౌ దొర గురించి మన వేదికల మీద చాలాసార్లు వింటాం. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం! ఆ అంకె అందరికీ కంఠతా వచ్చు. దానికి ముందు జరిగింది మాత్రం ఎవరూ చెప్పరు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకి తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకి పనీ కూలీ ఇచ్చాడు. ఎంతోమంది బాప్తిస్మం అడిగారు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, ఆ సాయం నడుస్తున్నన్నాళ్ళూ ఇవ్వనన్నాడు. నా దృష్టిలో అసలు సాక్ష్యం 2,222 కాదు, ఆయన ఆగిన ఆ నెలలు.

‘అయితే సువార్త చెప్పొద్దా?’ అంటారు. చెప్పండి. క్లౌ ఒంగోలు వచ్చిందే అందుకు. కానీ అన్నం పళ్ళెం చేత్తో పట్టుకుని చెప్పకండి. ఆకలిగా ఉన్నవాడు కాదనలేడు. కాదనలేనివాడు అనే ‘ఔను’కి విలువేముంది? బయటివాళ్ళు మతమార్పిడి అని అరుస్తారని భయపడి అనే మాట కాదిది. వాళ్ళెలాగూ అరుస్తారు. ఎదుటి మనిషిని మన లెక్క పెంచే అంకెగా చూడటం అతనికి అవమానం.

మంచి సమరయుడి కథ తీసుకోండి. దెబ్బలు తిన్నవాడి పేరేమిటో, ఏ ఊరివాడో అందులో లేదు. సమరయుడు అతన్నేమీ అడగలేదు. గాయాలు కట్టాడు, సత్రంలో రెండు దేనారాలిచ్చాడు, మిగతా ఖర్చు తిరిగొచ్చినప్పుడు ఇస్తానన్నాడు. పైగా ఆ కథలో పక్కనుంచి దాటిపోయింది యాజకుడూ, లేవీయుడూ. అంటే మన కమిటీ సభ్యులు. ఆగినవాడే పరాయివాడు.

ఆ ‘తిరిగి రావడం’ దగ్గరే మన పరీక్ష. బట్టీలో ఉన్నతను వానలకి ముందే తన ఊరు వెళ్ళిపోతాడు. మన గుడికి రాడు, కానుక వెయ్యడు, మన రిజిస్టర్‌లో ఎక్కడు. ఈ సంగతంతా తెలిసి, ఫొటో తీసేవాడు లేకుండా, ఫిబ్రవరిలో ఒక మామూలు మంగళవారం అతని దగ్గరికి మళ్ళీ వెళ్తారా? వెళ్ళేవాళ్ళు ఉన్నారు, తక్కువమందైనా ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ వేదిక మీదా వినపడవు.