గ్రెయిన్ చల్లితే గతం అయిపోదు

ఈమధ్య నా ఫీడ్ నిండా నలుపు తెలుపు పాలమూరే. మూటలతో ముంబై బస్సెక్కే కూలీలు. నల్గొండ వైపు నుంచైతే, మర్రిగూడలో ఫ్లోరైడ్ నీళ్లకు వంకరపోయిన కాళ్లు. తీసింది మొన్ననే, ఫోన్‌తోనే. పైన మాత్రం గరుకు గ్రెయిన్, మూలల్లో చీకటి. కింద కామెంట్: "ఫిల్మ్‌లో ఉండే ఆత్మే వేరు బ్రో."

ఆత్మ సంగతి తర్వాత. అసలు అది ఫిల్మే కాదు.

కోడ్ రాసి బతికేవాణ్ణి, ఆ గ్రెయిన్ ఎక్కడిదో నాకు తెలుసు: ర్యాండమ్ నంబర్లు. ఫిల్మ్‌లో గ్రెయిన్ పైపూత కాదు, బొమ్మ తయారయ్యేదే దానితో. వెలుగు తగిలిన వెండి లవణాల స్ఫటికాలు డెవలపర్‌లో వెండిగా మారతాయి. అందుకే మధ్య ఛాయల్లో ఎక్కువ కనిపిస్తుంది, వెలుగును బట్టి మారుతుంది. సెన్సర్ నాయిస్ నీడల్లో ముసురుకుంటుంది. చౌక ఫిల్టర్ ఆకాశం మీదా ముఖం మీదా ఒకే తీరుగా చల్లేస్తుంది. ఎండలో తెల్ల ధోతి చూడండి. నెగెటివ్‌లో మడతలు మెల్లగా కరుగుతాయి. సెన్సర్‌లో హద్దు దాటగానే ఉత్త తెల్లకాగితం.

మంచి ఫిల్టర్ ముందు ఈ గుర్తులు నిలవవు, ఒప్పుకుంటాను. స్కాన్ చేస్తే ఫిల్మూ డిజిటలే. ఫిల్మ్ సత్యహరిశ్చంద్రుడూ కాదు: మన స్టూడియోల్లో నెగెటివ్ మీద పెన్సిల్‌తో మచ్చలు మాయం చేసిన చేతులెన్నో!

నా గొడవ కాలం గురించి. సునీల్ జానా 1940ల్లో తీసిన తెలంగాణ సాయుధ పోరాటం ఫొటోలు నలుపు తెలుపుల్లో ఉన్నాయంటే, ఆయన కెమెరాలో ఉన్న ఫిల్మ్ అది. మరి ఇవాళ బస్సెక్కే ఆమెకు ఆ వేషం ఎందుకు? ఆమె చీర చిలకపచ్చ, బకెట్ నీలం ప్లాస్టిక్, చేతిలో స్మార్ట్‌ఫోన్. అవన్నీ చెరిపేస్తే చూసేవాడు "అయ్యో, ఆ రోజుల్లో ఎంత కష్టం" అని నిట్టూర్చి పైకి జరిపేస్తాడు. ఇవాల్టి బాకీని తాతల ఖాతాలో రాసేయడమే ఇది. దళాల పాత ఫొటోలకు ఏఐతో రంగులద్ది నున్నగా చేసినా ఇదే తప్పు, తిరగేసి చేసినట్టు.

ఫిల్మ్ మీద అంత ప్రేముంటే రోల్ కొనండి. 36 ఫ్రేములు, ప్రతి నొక్కుకీ డబ్బు. నెగెటివ్ దాచండి. ఫోన్‌తో తీస్తే రంగులు ఉంచండి, తేదీ రాయండి, ఊరి పేరు రాయండి. ఆమె ఆ ఫొటో దిగింది ఈ ఏడాదే అని చెప్పడానికి సిగ్గుపడాల్సింది ఆమె కాదు, మనం.