పరిశోధనమున ప్రశ్నకు గల స్థానము

విశ్వవిద్యాలయమున గణితశాఖకును భాషాశాఖలకును ఇరుగుపొరుగు సంబంధమే కాని రాకపోకలు తక్కువ. వారికి నల్లబల్లయు సుద్దముక్కయు చాలును. వీరికి గ్రంథాలయమంతయు చాలదు. అయినను పరిశోధనము ఎట్లు పుట్టుననెడి విషయమున గణితము వారినుండి భాషలవారు గ్రహింపదగినది కొంత కలదు.

కల్యంపూడి రాధాకృష్ణారావుగారు (1920–2023) తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితశాస్త్రమున ఎం.ఏ. పట్టమందిరి. కలకత్తాలో సంఖ్యాశాస్త్రము బోధించుచుండగా ఒకనాడు, నమూనా మిక్కిలి పెద్దదైనపుడు అంచనాల కచ్చితత్వమునకు గల మేరను గూర్చి ఫిషర్ చెప్పిన ఫలితమును వారు వివరించిరి. నమూనా చిన్నదైనపుడు అది నిలుచునా యని ఒక విద్యార్థి అడిగెను. రావుగారు ఆ రాత్రి కూర్చుండి సమాధానము సాధించి, మరునాడు తరగతిలో చూపిరి. 1945లో కలకత్తా గణితసంఘ పత్రికయందు వెలువడిన ఆ ఫలితమే నేడు క్రేమర్–రావు అసమానత యను పేర ప్రపంచమంతట పాఠ్యాంశమైనది. వారికి కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టము లభించినది 1948లో. పట్టమునకు మూడేండ్ల ముందు ఫలితము. ఫలితమునకు ఒక్క రాత్రి ముందు ఒక విద్యార్థి ప్రశ్న.

ఇది అదృష్టవశమున జరిగినదని త్రోసివేయరాదు. మచిలీపట్టణమున జన్మించిన కొమరవోలు చంద్రశేఖరన్‌గారు బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థలో గణితవిభాగమును పెంపొందించినపుడు అట్టి ప్రశ్నలకు ఒక ఏర్పాటే చేసిరి. విదేశములనుండి గొప్ప గణితవేత్తలు వచ్చి ఉపన్యసింతురు. ఆ ఉపన్యాసములను యువపరిశోధకులు వ్రాసి ప్రచురణకు సిద్ధపరతురు. వ్రాయవలెనన్న తెలియవలెను, తెలియవలెనన్న అడుగవలెను. అడుగుట అక్కడ అవిధేయత కాదు, అప్పగించిన పని.

భాషాశాఖలలో మౌఖికపరీక్ష నాటి దృశ్యము వేరు. నియమము ప్రకారము ఆ పరీక్ష తోటి పరిశోధకులందరికిని ప్రవేశము గలది. వారు వత్తురు, వెనుక వరుసలలో కూర్చుందురు, శాలువ కప్పినపుడు చప్పట్లు కొట్టుదురు, తేనీరు సేవించి పోదురు. ఒక్క ప్రశ్నయు అడుగరు. అడిగినచో పర్యవేక్షకునికి అవమానమని, తమ వంతు వచ్చినపుడు బదులు తీరునని జంకుదురు. సిద్ధాంతగ్రంథము చేతికి రాగానే పుటలెన్నియని చూచుట పెద్దల అలవాటు. ‘జీవితము – సాహిత్యము’, ‘సమగ్ర పరిశీలన’ యను శీర్షికలలో ప్రశ్న యేది? ప్రశ్న లేనిచోట సమాధానము సరియా తప్పా యని తేల్చుట యెట్లు?

సాహిత్యము గణితము కాదను ఆక్షేపణ న్యాయమైనదే. పరిష్కృతప్రతికిని నిఘంటువునకును ఏండ్లు పట్టును, పుటలును పట్టును. గణితము వారి లోకమును నిర్దోషము కాదు. ప్రచురితపత్రములను లెక్కించుట అక్కడను వ్యాధియే. అయినను పుటలు ప్రశ్నకొరకు పెరిగినచో గ్రంథమునకు బలము. ప్రశ్న లేక పెరిగినచో బరువు మాత్రమే.

పావులూరి మల్లన గణితమునే ఉదాహరణముగా గైకొందము. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, 9వ శతాబ్దమున, మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమునకు అది తెలుగుసేత. ‘మల్లన – సమగ్ర పరిశీలన’ యన్నచో నాలుగువందల పుటలు సులభముగ నిండును. మూలమునందలి జైనసంప్రదాయపు ఛాయలు తెలుగున ఏమైనవి? లెక్కలోని అంకెలను పద్యమున పొదుగుటకు ఛందస్సు కల్పించిన నిర్బంధమేమి? అని అడిగినచో నూరు పుటలు చాలవచ్చును. అయితే ఆ నూరు పుటలకు గణితశాఖ వారి తలుపు తట్టక తప్పదు.

పట్టమునకై గ్రంథము సమర్పించుటకు ముందు ఒక పత్రమైనను ప్రచురింపవలెనని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2016 నాటి నియమావళిలో విధించియుండెను. 2022 నాటి నియమావళి ఆ నిర్బంధమును తొలగించినది. తొలగిన కొలబద్ద స్థానమున ఏది నిలుపవలెననునది ఇపుడు శాఖల చేతిలోనున్నది. సిద్ధాంతగ్రంథపు మొదటి పుటలో ప్రశ్నను ఒక్క వాక్యమున వ్రాయింపవచ్చును. వారపు గోష్ఠిలో మొదటి ప్రశ్న అందరికంటె చిన్నవానిదని ఏర్పరుపవచ్చును. మౌఖికపరీక్షలో విద్యార్థు లడిగిన ప్రశ్నలను నివేదికయందు చేర్పవచ్చును. వీనికి ధనము అక్కరలేదు.

స్వరాష్ట్రమునకు వెలుపలనున్న తెలుగుశాఖలకు ఇది మరింత సుకరము. అచట విద్యార్థులు కొలదిమందియే కాని, ప్రక్కగదిలోనే కన్నడమో వంగమో పరిశోధించువారుందురు. తమ సంప్రదాయమున అందరికిని తెలిసినదని తెలుగువారు విడిచిన దానినే, తెలియదు గనుక వారు అడుగుదురు. ఒక యువకుడు తన యౌవనమున నాలుగైదేండ్లు వెచ్చించుచున్నాడు. ఆ కాలము చివర అతని చేతిలో పట్టముతోపాటు, ఇతరులెవ్వరు నడుగని ప్రశ్న యొకటి యైన నుండవలెను.