అమ్మది ఒకటి, నాన్నది ఒకటి

లాలాగూడలో ఇంటి నుంచి బయల్దేరి బెంగళూరు నైట్ బస్సు ఎక్కగానే అమ్మ ఫోన్: "ఎమర్జెన్సీ డోర్ ఎక్కడుందో చూసుకున్నావారా?" ప్రతిసారీ విసుక్కునేవాణ్ని.

అమ్మ భయం ఊరికే కాదు. 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. మొహాలు గుర్తుపట్టలేని పరిస్థితి. డీఎన్ఏ టెస్టులు చేసి మృతదేహాలను కుటుంబాలకు అప్పగించారు.

ఇలాంటి టెస్టుల్లో వాడేది క్యాపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్. హత్య కేసుల్లో నిందితుణ్ని పోల్చేదీ దీంతోనే. వెంట్రుకంత సన్నటి గొట్టం, లోపల జిగురులాంటి ద్రవం. వేల వోల్టుల కరెంటు పెడితే డీఎన్ఏ ముక్కలు అందులో పరుగెడతాయి. పొట్టివి ముందు, పొడవువి వెనక. చివర్లో లేజర్ తగిలి, వాటికి అంటించిన రంగు మెరుస్తుంది. స్క్రీన్ మీద కొండ శిఖరాల్లా గీతలు వస్తాయి.

డీఎన్ఏలో చూసే ఒక్కో చోట మామూలుగా రెండు శిఖరాలు: అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. అందుకే బిడ్డను గుర్తించడానికి ముందు అమ్మానాన్నల రక్తం అడుగుతారు. మంటకి పొడవు ముక్కలు తెగిపోయినా, పళ్లలో, ఎముకల్లో పొట్టివి మిగలొచ్చు. ఆ కాస్తతోనే పేరు తేలుతుంది.

ఇది తెలిశాక విసుగు పోయింది. ఈసారి అమ్మ అడక్కముందే మెసేజ్ పెట్టా: "డోర్ చూశానమ్మా. అద్దం పగలగొట్టే సుత్తి కూడా ఉంది." మీరూ బస్సెక్కగానే ఓసారి చూసుకోండి.