పదును లెక్క

2017 మే నెలాఖరున లంకాద్వీపపు నైరుతి భాగమున కలుతర, రత్నపుర జిల్లాలు వరదలో మునిగి, కొండచరియలు విరిగిపడి, రెండు వందల మందికి పైగా మరణించిన ఆ దినములలోనే, ఉత్తరమునను తూర్పునను చెరువుల అడుగులు నెర్రెలు విచ్చియుండెను. తెలంగాణమున మూడింట రెండు వంతులైనను లేని, 65,610 చదరపు కిలోమీటర్ల దీవి అది. అట్టి దేశమున వానల సగటును చూచి కరవును నిర్ణయించుట, ఊరందరి ఎత్తును కూడి భాగించి అందరికిని ఒకే కొలతతో చొక్కాలు కుట్టించుట వంటిది.

దీవి నడుమ నిలిచిన కొండలే ఈ వైపరీత్యమునకు మూలము. నైరుతి ఋతుపవనము వాటి పడమటి వాలులలో కొన్నిచోట్ల ఏటికి 5,000 మిల్లీమీటర్ల వరకు కురిసి, కొండ దాటి పొడిగాలియై దిగును. ఆవలి ప్రాంతము ప్రధానముగా అక్టోబరు మొదలు జనవరి వరకు వచ్చు వానలను, అనగా మన నెల్లూరు సీమను తడుపు వానలనే నమ్ముకొని, ‘మహా’ యను పెద్దపంటను పండించుకొనును. ఏటికి 1,750 మిల్లీమీటర్లకు లోపుగా వర్షము పడు ఈ భాగమునకు వారు పొడిమండలమని పేరిడిరి. ఈ సంఖ్య వినిన అనంతపురపు రైతు నవ్వక మానడు. అతనికి సగటున దక్కునది సుమారు 550 మిల్లీమీటర్లే కదా! అయినను ఆ నవ్వునకు లంక రైతు ఇయ్యగల సమాధానము వానమాపకములో దొరకదు. దానిని నేలలో త్రవ్వి చూడవలెను.

నేలలో పైరునకు చాలినంత తడికి మన సేద్యగాడు ‘పదును’ అను మాట ఒకటి వాడును. వాన ఎంత పడినదని పట్నవాసి అడుగును. పదునైనదా యని రైతు అడుగును. పొడిమండలపు ఎర్రగోధుమ నేలలు తడిసినపుడు బంక, ఎండినపుడు రాయి; నీటిని చిరకాలము పట్టియుంచు శక్తి వాటికి లేదు గనుక, వాన వెలిసి కొలది దినములు గడచునో లేదో మెట్టపైరు తల వ్రేలవేయును. నేలకు ఆదాయము వాన. వ్యయమో, పైపైన పారిపోవునది, లోతునకు ఇంకునది, ఆవిరియగునది, పైరు త్రాగునది యని నాలుగు విధములు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో అది మోయగల ఆవిరి సుమారు 7 శాతము పెరుగును. కాబట్టి వాన తగ్గకున్నను పదును తగ్గవచ్చును. అదే వాన నాలుగు దినములలో కుండపోతగా కురిసి, నడుమ ఎడములు సాగినచో మరింత తగ్గును. ఏటి మొత్తము చెక్కుచెదరక యుండగనే నేల బీదవడుట యనిన ఇదియే. వర్షపాతపు పట్టికలలో ఎన్ని దశాబ్దములు వెదకినను ఈ కరవు కంటబడదు.

దీనిని కనిపెట్టుటకే శాస్త్రజ్ఞులు ఆకాశమెక్కిరి. నేలతేమను కొలచు ఉపగ్రహములుగా ఐరోపావారు 2009లో స్మాస్‌ను, అమెరికా నాసావారు 2015లో స్మాప్‌ను పంపిరి. అంతకు పూర్వపు ఉపగ్రహముల కొలతలను గూడ జతపరచి, 1978 నుండి వచ్చు నేలతేమ చరిత్రను కూర్చినారు. గొప్ప కార్యమే. కాని ఈ కన్ను చూచునది నేలపై ఐదు సెంటీమీటర్ల మేర మాత్రమే; వరి, మొక్కజొన్నల వేళ్లు దానిని దాటి దిగును. దాని గడి ఒక్కొక్కటి ఇరువదియైదు మొదలు నలువది కిలోమీటర్ల వెడల్పు. ఒక గడిలో చెరువు, పొలము, పోడు, అడవి కలిసిపోవును. తీరమునందు సముద్రము, కొండలయందు దట్టమైన చెట్లు కొలతను చెరచును. చుట్టును సముద్రమే యున్న చిన్న దీవికి ఈ చిక్కు ఎంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు. రంగులు పూసిన పటములను చూపి, ఇన్ని లక్షల మంది కరవుపాలగుదురని తీర్పు చెప్పువారు, ఆ రంగు ఏ లోతుదో, ఏ వారముదో ముందుగా చెప్పిన బాగుండును.

ఏలయనగా కరవునకు గురియగుట ఎండినచోట నివసించుట యొక్కటే కాదు. ఏ పైరు, ఏ వారమున, ఎంత పదునుకై ఎదురుచూచుచున్నది యనుటలో నున్నది ఆ గురియగుట. 1869లో త్రుప్పుతెగులు తగిలి కాఫీతోటలు నశించిన పిదప తేయాకు ఆక్రమించిన ఆ కొండవాలులనే చూడుడు. తరతరములుగా పైమన్ను కొట్టుకొనిపోయి నేల పలుచనైనచోట, జనవరి మొదలు మార్చి వరకు వచ్చు పొడికాలము స్వల్పముగ సాగినను తేయాకుపొద మాడిపోవును. తడిమండలమని పేరుపొందిన చోటనే ఇట్లు!

ఎల్‌నినో యనినంతనే కరవని మనకు ఒక భావము స్థిరపడినది. లంకలో ఎల్‌నినో యేట అక్టోబరు నుండి డిసెంబరు వరకు వానలు సాధారణముగా హెచ్చును. జనవరి తరువాత తగ్గును. ఎల్‌నినో ముగిసిన పిదప, 2016 చివర, విత్తు వానలే తప్పిపోయినవి. 2017లో వరి దిగుబడి ఇంచుమించు 27 లక్షల టన్నులకు, అనగా ముందటేటికంటె సుమారు 40 శాతము తక్కువకు పడిపోవునని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థలవారు అంచనా వేసిరి.

ఇచట ఆకాశము నొక్కదానినే నిందించుట న్యాయము కాదు. ఒకే వాగుపై ఒకదాని దిగువ నొకటిగ గ్రామగ్రామమున చెరువులు కట్టి, పై చెరువు విడిచిన నీరు క్రింది చెరువునకు చేరునట్లు చేయు పద్ధతిని సింహళమున ‘ఎల్లంగావ’ యందురు. మన గొలుసుకట్టు చెరువులే యవి. 2017లో ప్రపంచ వ్యవసాయ వారసత్వముగా గుర్తింపబడిన ఆ వ్యవస్థలో మనసును ఆకర్షించునది నీటికంటె నీటిచుట్టు నున్న నేల. చెరువు ఎగువ అంచున గాలినాపి ఆవిరిని తగ్గించు చెట్లవరుస ‘గస్‌గొమ్మన’. ఎగువనుండి వచ్చు ఒండ్రును వడగట్టు గడ్డిపట్టె ‘పెరహన’. కట్టకును పొలమునకును నడుమ ఊటను, చౌడును పీల్చు తోపు ‘కట్టకడువ’. ఇవి పదునును కాపాడు అంగములు. సాగునకై వీటిని నరికివేసినచోట చెరువు పూడినది, పొలము చౌడుబారినది. 1970వ దశకము నుండి మహావేలి మహాజలాశయములపై వ్యయమైన శ్రద్ధలో నూరవవంతు ఈ తోపులపై చూపియుండిన, నేటి కథ వేరుగ నుండెడిదని నా నమ్మకము.

నీరు కొరతపడిన యేట చెరువుదరి నేలను హక్కుదారులందరును పంచుకొని సేద్యము చేయు ‘బెత్మ’ యను ఆచారము వారికి గలదు. తెలంగాణమున నీటిని బట్టి సాగునేలను నిర్ణయించు తైబందీకి అది సోదరప్రాయము. పంటకు ముందు రైతులును అధికారులును కూడి తేదీలు నిశ్చయించు సభను ‘కన్న’ సభ యందురు. ఆ సభలో చెరువున ఎన్ని అడుగుల నీరున్నదని చూచి లెక్క వేయుదురు. చెరువు నిండువరకు వేచి, ఆ నిండిన నీటితో దుక్కి నానవేయుట వలన తొలకరి పదును వ్యర్థమగుచున్నదనియు, తొలివానలకే పొడిదుక్కిలో విత్తినచో చెరువునీరు మిగులుననియు మహాయిలుప్పల్లమ పరిశోధనకేంద్రము వారు 1970వ దశకముననే చెప్పిరి. ఆ సలహాను నడపవలెననిన, చెరువుమట్టముతోబాటు, మూరెడు లోతున నేల ఎంత తడిగా నున్నదో చెప్పు అంకెయొకటి సభ ముందుండవలెను. దానిని ఉపగ్రహము చెప్పజాలదు. ఒక్కొక్క గొలుసునకు రెండు మూడు చోట్ల కొలతగొట్టములు పాతి, వారమున కొకసారి చదువు మనిషి కావలెను. ఒక పెద్ద ఆనకట్టకగు సిమెంటు ఖర్చుతో పోల్చిన ఆ మనిషి జీతము ఏపాటిది?