కాలేయ గడ్డకు లోపలి నుంచే రేడియేషన్

గోషామహల్‌లో ఉస్మానియా కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. 2 వేల పడకలన్నారు. పాతబస్తీ కుటుంబాలకు ఊరటే. అయితే కాలేయ క్యాన్సర్ విషయంలో పడకల లెక్క కన్నా, ఏయే విభాగాలు ఒకేచోట పనిచేస్తాయన్నదే ముఖ్యం.

కాలేయం లోపలి పిత్తనాళాల్లో పుట్టే క్యాన్సర్‌నే తీసుకోండి. కాలేయంలో మొదలయ్యే క్యాన్సర్లలో ఇది సుమారు 10-15 శాతమే. తొలిదశలో పెద్దగా లక్షణాలుండవు. బయటపడేసరికి చాలామందికి ఆపరేషన్ దశ దాటిపోతుంది. అలాంటి కొందరికి పనికొచ్చేది రేడియోఎంబొలైజేషన్.

మామూలు కాలేయానికి రక్తం ఎక్కువగా పోర్టల్ సిర నుంచి అందుతుంది. గడ్డ మాత్రం ప్రధానంగా ధమని మీదే బతుకుతుంది. ఈ తేడాయే వైద్యులకు దారి. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో ధమనిలోకి సన్నని గొట్టం పంపి, గడ్డను పోషించే కొమ్మలోకి ఇట్రియం-90 ఉన్న సూక్ష్మ పూసలు వదులుతారు. వాటి కిరణాలు సగటున రెండున్నర మిల్లీమీటర్లే వెళతాయి. పక్కనున్న మంచి కాలేయం చాలావరకు తప్పించుకుంటుంది.

అందరికీ కుదరదు. పూసలు ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదముందేమో ముందే స్కాన్‌తో చూస్తారు. కామెర్లు ముదిరినా, పొట్టలో నీరు చేరినా సాధారణంగా వద్దంటారు. పైగా ఇట్రియం బలం 64 గంటలకోసారి సగమైపోతుంది. విదేశం నుంచి తెప్పించిన మోతాదు అనుకున్న రోజే వాడాలి. రోగికి జ్వరమొచ్చి వాయిదా పడితే ఖరీదైన మందు వృథా. బార్క్ శాస్త్రవేత్తలు ‘భాభాస్ఫియర్’ పేరుతో దేశీయ పూసలు తయారుచేయడం అందుకే పెద్ద కబురు.

ఫలితమెంత? 2019లో వెలువడిన ఫ్రాన్స్ అధ్యయనంలో ఆపరేషన్‌కు వీల్లేని 41 మందికి కీమోతో కలిపి ఇచ్చారు. 9 మందికి గడ్డ తగ్గి ఆపరేషన్ చేయగలిగే స్థితి వచ్చింది. చిన్న అధ్యయనం, పోల్చడానికి మరో బృందం లేదు. మిగతా 32 మందినీ మరవొద్దు. అయినా కీమోలన్నీ అయిపోయాక కాదు, మొదటి సంప్రదింపులోనే ‘మాకిది పనికొస్తుందా?’ అని అడగడం మేలు.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. పరిమితి వేరు, ఈ చికిత్స ప్యాకేజీలో ఉండటం వేరు. ఆరోగ్యమిత్రను అడిగి ముందే తేల్చుకోండి.

ఉస్మానియాలో కాలేయ మార్పిడులు చేసే సర్జన్లున్నారు. వారి పక్కనే న్యూక్లియర్ మెడిసిన్, ఇంటర్వెన్షనల్ రేడియాలజీ కూడా ఉండాలి. రేడియోధార్మిక పదార్థం వాడే గదులకు ఏఈఆర్‌బీ అనుమతి కావాలి. వాటికి గోషామహల్ ప్లాన్‌లో ఇప్పుడే చోటివ్వాలి, కట్టాక గోడలు పగలగొట్టి కాదు.