మా భూమి మీద నిలబడి మాకే దానమా? (మూడో భాగం)



పోయిన భాగం చదివి కొందరు విద్యార్థులు అడిగారు: "అన్నా, కంపెనీలు బడికి బెంచీలు, ఊరికి వాటర్ ప్లాంటు ఇస్తున్నయి కదా, దానికి కూడా తప్పు పడ్తవా?" బెంచీకి తప్పు పట్టను. బెంచీ మీద కంపెనీ పేరు చదివేముందు, ఆ కంపెనీ కింద ఉన్న భూమి ఎవరిదని అడుగుతాను.

ముందు చట్టం సంగతి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని పరిధిలోకి వచ్చే పెద్ద కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. అంటే అది దానం కాదు, చట్టం రాసిన బాకీ. బాకీ తీర్చినోడికి శాలువా ఎందుకు? పైగా ఆ డబ్బు దేనికో తేల్చే కమిటీలో కూర్చునేది డైరెక్టర్లే. మాదిగవాడకు అందులో కుర్చీ లేదు.

ఇక జడ్చర్ల పక్కన పోలేపల్లి చూడండి. 2000ల తొలి ఏళ్లలో పరిశ్రమల పేరుతో అక్కడ వందల ఎకరాలు తీసుకున్నారు. తర్వాత అది సెజ్ అయింది, మందుల కంపెనీలు వచ్చాయి. పోయినవాటిలో పేదల అసైన్డ్ భూములున్నాయి. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమిని మనం అమ్ముకోరాదు. సర్కారు మాత్రం వాపసు తీసుకోవచ్చు. పట్టా రైతుకెంతో అసైన్డ్ రైతుకూ అంతే పరిహారం అని 2004లో మేకల పాండు కేసులో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2008 జడ్చర్ల ఉపఎన్నికలో పోలేపల్లి నిర్వాసితులే నామినేషన్లు వేశారు. వాళ్లు అడిగింది భూమి. వాటర్ ప్లాంటు కాదు.

నీళ్ల ముచ్చటా అంతే. నాగపూర్ నీరి శాస్త్రవేత్తలు 1970లలో పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారు చేసి 'నల్లగొండ టెక్నిక్' అన్నారు. జబ్బు మాది, పేరూ మాది. కృష్ణా నీళ్లు ఇంటికి రావడానికి మాత్రం దశాబ్దాలు కొట్లాడాల్సి వచ్చింది. ఇప్పుడు దాతలు పెట్టే ఆర్‌ఓ ప్లాంటు ఫ్లోరైడ్‌ను మాయం చేయదు. వేరుచేసి చిక్కటి ఉప్పునీళ్లుగా బయటికి వదులుతుంది. ఆ నీళ్లు ఏ వాడ పక్కన ఇంకుతున్నాయో శిలాఫలకం మీద రాస్తారా?

షేర్ మార్కెట్‌లో ఉన్న మొదటి 1000 కంపెనీలు 2022-23 నుంచి సెబీకి 'బాధ్యత, సుస్థిరత' నివేదిక ఇవ్వాలి. ఉద్యోగుల్లో ఆడవాళ్లెందరు, వికలాంగులెందరు అని అందులో లెక్క ఉంటుంది. మంచిదే. కులం లెక్క ఉండదు. భూమి పోయిన ఇంటి పిల్ల ల్యాబ్‌లో ఉందా, గేటు దగ్గర చీపురు పట్టుకుని ఉందా? అడగని ప్రశ్నకు జవాబు రాయాల్సిన పని ఎవరికీ లేదు.

కాబట్టి మన డిమాండ్లు మూడే. నిర్వాసితుల ఇంటికో పర్మినెంట్ ఉద్యోగం. ఖర్చు తేల్చే కమిటీలో వాడ మనుషులు. ఉద్యోగుల కులం లెక్క బయటపెట్టాలి. 2 శాతం గురించి తర్వాత మాట్లాడదాం, మిగతా 98 శాతం ఎవరి భూమి మీద, ఎవరి చెమటతో వచ్చిందో ముందు తేలాలి.

సీఎస్ఆర్ ప్రాజెక్టుల వివరాలు కంపెనీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలని రూల్ ఉంది. మీ ఊరి పక్క కంపెనీది ప్రింట్ తీసి గ్రామసభలో గట్టిగా చదవండి. వచ్చే భాగంలో కాంట్రాక్టు లేబర్ సంగతి.

జై భీమ్.